ఎముక చాలదన్నారా? ఎన్ని మిల్లీమీటర్లో అడగండి

మీ ప్రశ్న చదువుతుంటే మూడేళ్ల కిందటి నా గోలే గుర్తొచ్చింది. మీ నాన్నగారికి పై దవడలో ఎడమవైపు రెండు దవడ పళ్లు తీయించి ఐదేళ్లయిందన్నారు. ఇంప్లాంట్ (పన్ను వేరు బదులు ఎముకలో బిగించే మర) పెట్టడానికి ఎముక చాలదు, ముందు బోన్ గ్రాఫ్టింగ్ (ఎముక తగ్గిన చోట పొడి నింపి పెంచడం) చేసి ఆరేడు నెలలు ఆగాలని వేళచ్చేరి డాక్టరు చెప్పారన్నారు. ఇది నిజంగా అవసరమా, లేక బిల్లు పెంచడానికా, ఈ వయసులో ఆయన తట్టుకుంటారా అని కదా మీ సందేహం. నేను డాక్టర్ని కాను. రైల్వేలో చేసి రిటైరై చెన్నైలోనే పెరంబూరులో ఉంటున్నాను. మీ నాన్నగారికి చెప్పిన వైద్యమే, కాకపోతే కుడివైపు, నాకు 61వ ఏట జరిగింది.

ముందు అవసరమా అన్న సంగతి. పన్ను తీయించాక కొన్ని వారాల్లో చిగురు మూసుకుపోతుంది, ఇక అయిపోయిందనుకుంటాం. లోపలి ఎముకకు మాత్రం ఆ రోజు నుంచి పనుండదు. నమిలే ఒత్తిడి అందక అది కరగడం మొదలవుతుంది. మొదటి ఏడాదిలోనే ఆ చోట వెడల్పు దాదాపు సగం తగ్గిపోవచ్చు, అందులోనూ ఎక్కువ భాగం మొదటి మూడు నెలల్లోనే. పై దవడ వెనక భాగానికి ఇంకో తిప్పలుంది. సైనస్ అనగానే మనకు జలుబు, తలనొప్పి గుర్తొస్తాయి కానీ, అసలు అది చెంప వెనక, పై దవడ ఎముక లోపల గాలి నిండిన ఒక గది. పళ్ల వేళ్లు లేకపోతే ఆ గది నేల మెల్లగా కిందికి దిగుతుంది. అటు నుంచి సైనస్ దిగి, ఇటు నుంచి ఎముక అరిగి, మధ్యలో పలచటి పలక మిగులుతుంది.

నేను ఆరేళ్లు ఊరుకున్నాను. నవ్వితే కనబడదు, ఎడమవైపు నమలొచ్చు, పైగా అమ్మాయి పెళ్లి ముందుంది. పన్ను తీసిన రోజే ఆ గుంటలో గ్రాఫ్ట్ నింపి కుట్టేస్తే ఎముక చాలావరకు నిలబడుతుందని, దాన్ని సాకెట్ ప్రిజర్వేషన్ అంటారని తర్వాతెప్పుడో తెలిసింది. పన్ను తీసిన క్లినిక్‌లో దాని గురించి ఒక్క మాట చెప్పలేదు. చెప్పినా ఆ రోజు నేను వినేవాణ్ని కాదేమో, అది వేరే సంగతి.

మోసమా కాదా తేల్చుకోవడానికి మీ దగ్గరుండాల్సింది రెండు అంకెలు: ఎముక ఎత్తెంత, వెడల్పెంత. మామూలు ఎక్స్‌రేలో వెడల్పు తెలియదు, సీబీసీటీ అనే త్రీడీ స్కాన్ కావాలి. ఇంప్లాంట్ అంటే టైటానియం మర. దవడ పళ్ల దగ్గర వాడేది సుమారు 4 మిల్లీమీటర్ల లావు, 8 నుంచి 12 పొడవు ఉంటుంది. దానికి అటూ ఇటూ కనీసం ఒకటి, ఒకటిన్నర మిల్లీమీటర్ల ఎముక మిగలాలి. నాకు వెడల్పు 8 ఉంది, దానికి ఇబ్బంది లేదు. ఎత్తు 3. మూడు మిల్లీమీటర్ల పలకలో మర బిగిస్తే ఎంతసేపు నిలుస్తుంది? అదే 5, 6 ఉంటే మర పెట్టే కన్నం లోంచే సైనస్ పొరను కాస్త పైకి నెట్టి, అదే రోజు ఇంప్లాంట్ కూడా పెట్టేయొచ్చట. 8 దాటితే చాలామందికి గ్రాఫ్టే అక్కర్లేదు. కొన్ని కేసుల్లో 6 మిల్లీమీటర్ల పొట్టి ఇంప్లాంట్లతో సరిపెడతారు. కాబట్టి "ఎముక చాలదు" అనే మాట దగ్గరే ఆగిపోవద్దు.

నాకు మొదట చెప్పిన చోట అంకెలు చెప్పలేదు, స్కాన్ సీడీ కూడా ఇవ్వలేదు. ఇంకో చోట మళ్లీ స్కాన్ తీయించి, రెండో అభిప్రాయానికి ఫోర్ట్ స్టేషన్ ఎదురుగా ఉన్న ప్రభుత్వ డెంటల్ కాలేజీకి వెళ్లాను. ఓపీ క్యూలో పొద్దంతా పోయింది కానీ అక్కడి ఆవిడ స్క్రీన్ మీద గీత గీసి మరీ కొలిచి చూపించింది. ఇక "మూడు రోజుల్లో పళ్లు, గ్రాఫ్టింగ్ అక్కర్లేదు" అనే ప్రకటనలు మీరూ చూసే ఉంటారు. వాళ్లు వాడే ఇంప్లాంట్లు వేరు, దవడలో లోతుగా ఉండే గట్టి ఎముకను పట్టుకునేలా పెడతారు. పళ్లన్నీ పోయినవాళ్ల సంగతి నేను చెప్పలేను. మిగతా పళ్లన్నీ గట్టిగా ఉండి రెండు పోయినవాడికి ఆ తొందర ఎందుకని నాకనిపించింది.

ఇప్పుడు మీరు అడగని సంగతి ఒకటి చెప్తాను. మా ఇంట్లో రెండు రోజులు గొడవైంది దీనివల్లే. సంతకం పెట్టమని ఇంటికిచ్చిన కాగితంలో "బోవైన్" అనే మాట కనబడింది. మా అమ్మాయిని అడిగితే పశువుల ఎముక నాన్నా అంది. మా ఆవిడ అక్కడే కూలబడింది. విషయమేంటంటే గ్రాఫ్ట్‌కు నాలుగు రకాల సరుకు వాడతారు: మన దవడలోంచో గడ్డం నుంచో తీసిన సొంత ఎముక, దాతల నుంచి సేకరించి శుద్ధి చేసిన మనిషి ఎముక, పశువుల ఎముకలోని జీవపదార్థమంతా తీసేసి మిగిల్చిన ఖనిజం, ఇక క్యాల్షియం ఫాస్ఫేట్‌తో తయారుచేసిన సింథటిక్. పశువులది ఎక్కువగా వాడటానికి కారణం ఉంది, అది త్వరగా కరిగిపోకుండా చాలాకాలం ఆకారం నిలబెడుతుంది. వైద్యంగా చూస్తే మంచి సరుకే. మాకే మనసొప్పలేదు.

ఆపరేషన్ చేసే డాక్టరుకు ఫోన్ చేస్తే ఆయనేమీ విసుక్కోలేదు. "ఇది మద్రాసు సార్, వారానికి ఒకరైనా అడుగుతారు" అన్నారు. సింథటిక్ పొడిలో నా దవడ నుంచే గీరిన ఎముక కాస్త కలుపుదామన్నారు. అక్కడితో అయిపోయిందనుకున్నాను. పొడి నింపాక పైన కప్పే పొర సంగతి అమ్మాయి గుర్తుచేసింది. ఆ కొల్లాజెన్ పొరలు ఎక్కువగా పందివో పశువులవో. చేపల నుంచి తీసినవీ ఉన్నాయన్నారు, అదీ మాకు కుదరదు. చివరికి నా రక్తమే తీసి, మెషిన్‌లో గిర్రున తిప్పి, పీఆర్ఎఫ్ అనే జిగురు పొర చేసి దాన్నే కప్పారు. మీ ఇంట్లో ఇలాంటి పట్టింపు లేకపోతే ఈ తలనొప్పే లేదు. ఉంటే మాత్రం ముందే, పొడి గురించీ పొర గురించీ విడివిడిగా అడగండి.

ఆపరేషన్ మత్తు ఇంజెక్షన్‌తోనే, గంటా పావు పట్టింది. పూర్తి మెలకువలోనే ఉన్నాను. చెంప వైపు చిగురు విప్పి, ఎముకలో చిన్న కిటికీ తెరిచి, లోపలి సైనస్ పొరను చిరగకుండా పైకి లేపి ఆ ఖాళీలో పొడి నింపుతారు. ఆ పొర గుడ్డు పెంకు కింద ఉండే పొరంత పలచన అని డాక్టరు చెప్పారు (నేను గుడ్డు తిననని ఆయనకు చెప్పలేదు). ఈ ఆపరేషన్‌లో ఎక్కువగా వచ్చే ఇబ్బంది ఆ పొర చిరగడమే. చిన్న చిరుగైతే అతికి ముందుకు వెళ్తారు, పెద్దదైతే కుట్టేసి కొన్ని నెలలాగి మళ్లీ చేస్తారు. ఈ మాట ముందే చెప్పిన డాక్టరైతే మంచిది. నింపిన పొడి చూస్తే రక్తంలో తడిపిన బొంబాయి రవ్వలా ఉంది. నొప్పి లేదు కానీ ఎముక మీద పనిముట్టు తిరిగే చప్పుడు నేరుగా తలలో వినిపిస్తుంది. మీ నాన్నగారికి ఆ సంగతి ముందే చెప్పండి, లేకపోతే అదే టెన్షన్.

మూడో రోజుకి చెంప బూరెలా పొంగింది, కంటి కింద నల్లగా కమిలి తర్వాత పసుపుపచ్చగా మారింది. వారంలో తగ్గింది. నొప్పి పన్ను పీకించినప్పటికంటే ఎక్కువేమీ కాదు. కష్టమల్లా ముక్కుతోనే. ముక్కు చీదకూడదు, తుమ్మొస్తే నోరు తెరిచి తుమ్మాలి, స్ట్రాతో ఏదీ పీల్చకూడదు. అంటే బొండం నీళ్లు కూడా గ్లాసులో పోయించుకోవాలి. రోజూ కపాలభాతి చేసే అలవాటు నాది, ఆరు వారాలు మానెయ్యమన్నారు. లోపల ఒత్తిడి పెరిగితే పొడి కదులుతుందట. తిండి మెత్తటి పెరుగన్నం, చల్లారిన రవ్వ జావ. మొదటి రెండు రోజులు ముక్కులోంచి కాస్త రక్తపు చార కనబడింది, అది మామూలేనన్నారు. తాగిన నీళ్లు ముక్కులోకి రావడం, చెడు వాసన, జ్వరం, నాలుగో రోజు తర్వాత కూడా వాపు పెరగడం, ఇవి కనబడితే అపాయింట్‌మెంట్ కోసం చూడకుండా వెళ్లిపోవాలి.

వయసు గురించి అడిగారు. వయసు కంటే షుగర్ ముఖ్యం. నాకు హెచ్‌బీఏ1సీ 8.4 ఉంటే డాక్టరు వెనక్కి పంపించేశారు. 7 దగ్గరికి తేవడానికి నాలుగు నెలలు పట్టింది. ఆ పరీక్ష సుమారు మూడు నెలల సగటు చూపిస్తుంది కాబట్టి, వారం పథ్యం చేసి దాన్ని మోసం చేయలేం. సిగరెట్ ఉంటే గ్రాఫ్ట్ అతకడం అనుమానమే. రక్తం పలచబడే మాత్రలు వాడుతుంటే సొంతంగా ఆపకుండా, ఇచ్చిన డాక్టరుతో మాట్లాడించండి. ఎముకల బలానికి వారం మాత్రలో, ఏడాదికోసారి వేసే ఇంజెక్షనో తీసుకుంటుంటే అడక్కపోయినా చెప్పండి. వాటివల్ల కొందరికి దవడ ఎముక మానకుండా పోయే ప్రమాదం ఉంది.

ఖర్చు: నాకు గ్రాఫ్టింగ్‌కు 42,000 అయింది, రెండు ఇంప్లాంట్లు, క్యాపులు విడిగా. ఇన్సూరెన్స్ వాళ్లు పైసా ఇవ్వలేదు, మామూలు పాలసీల్లో ప్రమాదంలో దెబ్బ తగిలితే తప్ప పళ్ల వైద్యం ఉండదు. గ్రాఫ్ట్ తర్వాత ఏడు నెలలకు ఇంప్లాంట్లు, ఇంకో నాలుగు నెలలకు క్యాపులు. ఆ ఏడు నెలల్లో జరిగేదేమిటంటే, మనం నింపిన పొడిని ఆసరా చేసుకుని మన సొంత ఎముక పెరగడం. దాన్ని తొందరపెట్టే మందు లేదన్నారు. అంత ఓపిక మీ నాన్నగారికి లేకపోతే, పక్క పళ్లు అరగదీసి బ్రిడ్జి కట్టించడమో, తీసి పెట్టుకునే పళ్లో ఉన్నాయి. తప్పేమీ లేదు. మా అన్నయ్య అవే పెట్టుకుని హాయిగా ఉన్నాడు.

స్కాన్ సీడీ మీ చేతికిచ్చారా? రిపోర్టులో ఆ రెండు పళ్ల చోట ఎముక ఎత్తు ఎంతని రాశారో చూసి ఇక్కడ పెట్టండి.