ట్రక్కు బెడ్‌కు గట్టి మూత చేసుకోబోతున్న మేనల్లుడికి

చిరంజీవి అల్లుడికి,

మామయ్య ఆశీస్సులు. నువ్వు పంపిన బొమ్మా కొలతలూ చూశాను. నీ ఫోర్డ్ ఎఫ్-150 ట్రక్కు వెనక సామాను వేసే తొట్టికి, అదే బెడ్‌కు, గట్టి మూత నువ్వే చేసుకోవాలనుకోవడం నాకు చాలా సంతోషం. తప్పకుండా చెయ్యి. కానీ నువ్వు గీసినట్టు మాత్రం చెయ్యకు.

నీ బొమ్మలో బెడ్ అంతటికీ ఒకటే పలక ఉంది. క్యాబ్ (డ్రైవరు కూర్చునే గది) వైపు బందులు, టెయిల్‌గేట్ (బెడ్ వెనక తలుపు) వైపు తాళం, పైకి లేపడానికి గ్యాస్ స్ట్రట్లు (మూతను తోసి పట్టే గ్యాస్ కడ్డీలు). చూడటానికి అందంగానే ఉంటుంది. అయితే ముప్పావు అంగుళం ప్లైవుడ్ చదరపు అడుగుకు 2 పౌండ్ల చొప్పున తూగుతుంది. నువ్వు కప్పాల్సింది దాదాపు 30 చదరపు అడుగులు. చట్రం, బందులు, పూత కలుపుకుంటే మూత 90 పౌండ్లకు చేరుతుంది. ఫ్రిజ్ నిలబెట్టి తేవాల్సిన రోజున దాన్ని ఒక్కడివే ఊడదీసి పక్కన పెట్టలేవు. సామాను మొయ్యడానికి కొన్న బండికి మూతే అడ్డం కాకూడదు.

ఇంకో లెక్క కూడా చూడు. ప్లైవుడ్ షీటు వెడల్పు 48 అంగుళాలు, పొడవు 96. అయిదున్నర అడుగుల బెడ్‌కు మూత పొడవు 67 అంగుళాలు, నువ్వు రాసిన వెడల్పు 65. షీటును ఏ వైపు తిప్పినా ఒక్కదానిలో రాదు, అతుకు తప్పదు. తప్పని అతుకును మనకు పనికొచ్చే చోట పెట్టుకుందాం. అందుకే మూడు పలకలు చెయ్యమంటాను. ఒక్కొక్కటి బెడ్‌కు అడ్డంగా 65 అంగుళాలు, ముందు నుంచి వెనక్కి 22 అంగుళాల పైచిలుకు. ముప్పావు వద్దు, అరంగుళం చాలు. అడుగున బద్దలు వేసినా ఒక్కో పలక 20 పౌండ్లకు అటూ ఇటూ ఉంటుంది, ఒక్క మనిషి సులువుగా ఎత్తుతాడు. ఒక షీటులో రెండు పలకలు వస్తాయి, కాబట్టి రెండు షీట్లు కొను. మిగిలే నాలుగో పలక మీద ముందుగా కోతలూ పూతలూ సాధన చేసుకో.

బద్దలు ఏ దిక్కున వేయాలో జాగ్రత్త. షీటు పొడవు వెంట కోస్తావు గనుక పై పొర నారలు పలకకు 65 అంగుళాల దిక్కున ఉంటాయి. ఆ దిక్కున బలం ఎక్కువ, 22 అంగుళాల దిక్కున తక్కువ. బద్దలు ఆ బలం తక్కువ దిక్కునే, అంటే ముందు నుంచి వెనక్కి అతికించాలి. మూడు చాలు.

డబ్బు విషయం ఒక్క మాట. అంగట్లో గట్టి మడత కవరు దాదాపు 1000 డాలర్లు. మంచి సరుకు వేసి నువ్వు చేసుకుంటే అందులో సగానికి దగ్గరగా అవుతుంది, అంతకంటే పెద్దగా తగ్గదు. పెట్రోలు మిగులుతుందని కూడా లెక్క వేసుకోకు, ఆ మిగులు నీ బిల్లులో కనిపించేంత ఉండదు. నీ పనిముట్ల పెట్టెకు, నీ నిచ్చెనకు, నీ వాడుకకు సరిపోయేలా చేసుకోగలగడమే దీనిలో అసలు లాభం.

ఇక నీళ్ల సంగతి. మూత చేసే ప్రతి ఒక్కరూ చుక్క కూడా లోపలికి రాకుండా ఆపాలని చూస్తారు. ఎన్ని రబ్బర్లు అతికించినా రెండో చలికాలానికి ఎక్కడో ఒక చోట తడి దిగుతుంది. నీళ్లు అతుకులోకి వస్తాయని ముందే ఒప్పుకుని, వచ్చినవి బయటికి పోయే దారి కట్టు. రెండు పలకలు కలిసే చోట అడుగున 2 అంగుళాల వెడల్పు, 2 అంగుళాల లోతు ఉన్న యు అక్షరం ఆకారపు అల్యూమినియం చానెల్‌ను నోరు పైకి ఉండేలా అడ్డంగా పెట్టు. పలకల అంచులు చానెల్ రెండు గోడల మీద ఆనుతాయి. అతుకు సరిగ్గా చానెల్ నడిమి మీద పడుతుంది. అప్పుడు ఆ చానెల్ దూలంగానూ పని చేస్తుంది, కాలువగానూ పని చేస్తుంది. ఒక కొనను పావు అంగుళం దిగువగా పెట్టి, అక్కడ ముప్పావు అంగుళం గొట్టం తగిలించి, బెడ్ అడుగున నీళ్లు పోయే రంధ్రం దగ్గరికి దింపు. సన్నగొట్టం వేస్తే మీ మిషిగన్ చలికి గడ్డకట్టి మూసుకుపోతుంది.

చానెల్ లోతు తగ్గించి చవగ్గా ముగిద్దామని చూడకు. తడి మంచు ఒక అడుగు పేరుకుంటే చదరపు అడుగుకు 15 పౌండ్ల దాకా ఉంటుంది. మూత మొత్తం మీద 450 పౌండ్లు. 2 అంగుళాల లోతు చానెల్ అది మోస్తుంది. ఒక అంగుళం లోతుది మధ్యలో కుంగుతుంది, కుంగిన చోట నీళ్లు నిలుస్తాయి.

పలకల బయటి అంచుల విషయంలో మన ఊళ్లలో మేస్త్రీలు చేసే పనే చెయ్యి. కిటికీ మీది సజ్జకు అడుగున, అంచుకు కాస్త లోపలగా సన్నటి గాడి తీస్తారు, చూశావుగా. నీళ్లు అడుగు భాగాన్ని పట్టుకుని గోడ దాకా పాకకుండా ఆ గాడి దగ్గరే తెగి కింద పడతాయి. పలక కింద కూడా అంచుకు అరంగుళం లోపల, రంపం బ్లేడు మందాన ఒక గాడి తీస్తే రెయిల్ (బెడ్ పక్క గోడల పై అంచు) మీదికి పాకే నీళ్లలో చాలా భాగం అక్కడే ఆగిపోతుంది. ఆ గాడికి లోపలి వైపు ఈపీడీఎం అనే, ఎండావానా తట్టుకునే రబ్బరు పట్టీ అతికించు. మామూలు నురుగు పట్టీలు ఒక వేసవికే నలిగిపోతాయి. టెయిల్‌గేట్ పక్క సందుల గుండా కూడా నీళ్లు వస్తాయని మరిచిపోకు. ఆ సందులకు విడిగా రబ్బరు పట్టీలు దొరుకుతాయి.

కొలతల దగ్గర తొందరపడకు. బెడ్ చూడటానికి పెట్టెలా ఉంటుంది కానీ దాని మూలలు కచ్చితంగా లంబకోణంలో ఉండవు. వెడల్పు క్యాబ్ దగ్గర, మధ్యలో, టెయిల్‌గేట్ దగ్గర మూడు చోట్లా కొలువు. రెండు కర్ణాలూ కొలువు. రెయిల్ మీది ప్లాస్టిక్ తొడుగు కూడా చదునుగా ఉండదు, మధ్యలో కాస్త ఉబ్బి రెండు వైపులా వాలుతుంది. ఫ్రిజ్ పెట్టె అట్ట తెచ్చి మూడు పలకల నమూనాలూ కోసి, బండి మీద పరిచి, టెయిల్‌గేట్ తెరిచి మూసి చూశాకే చెక్కకు రంపం పెట్టు.

అన్నిటికంటే నన్ను కలవరపెట్టేది గాలి. గంటకు 70 మైళ్ల వేగంలో గాలి ఒత్తిడి చదరపు అడుగుకు 12 పౌండ్ల దాకా ఉంటుంది. అదంతా మూతను పైకి లాగదు. పావు వంతు లాగిందనుకున్నా 30 చదరపు అడుగుల మీద 90 పౌండ్లు. పక్కన పెద్ద ట్రక్కు దాటిపోయినప్పుడు ఒక్క కుదుపు దానికి తోడవుతుంది. వేగం రెట్టింపైతే ఒత్తిడి నాలుగు రెట్లవుతుంది. కాబట్టి మీ వీధిలో 35 దగ్గర కదలని మూత, ఐ-75 హైవే మీద 70 దగ్గర లేవవచ్చు. లేచిన పలక వెనక వచ్చే కారు అద్దం మీదే పడుతుంది. ఆ కారులో పిల్లలుండవచ్చు. బరువుంది కదా, అదే నిలబడుతుందని ఎవరైనా చెబితే వినకు.

బిగింపు ఇలా చెయ్యి. రెండు వైపులా రెయిల్ లోపలి అంచుకు అల్యూమినియం యాంగిల్ (ఎల్ ఆకారపు పట్టీ) పెట్టి, ఒక్కో వైపు నాలుగేసి సీ క్లాంపులతో (సీ ఆకారపు మర బిగింపులతో) పట్టించు. బెడ్‌కు రంధ్రాలు వెయ్యనక్కర్లేదు. చానెళ్ల కొనలను ఆ యాంగిల్‌కు బోల్టులతో బిగించు. ముందు పలకను లోపలి నుంచి నాబ్ బోల్టులతో (చేత్తో తిప్పే పిడి ఉన్న బోల్టులతో) యాంగిల్‌కు కట్టు. నడిమి పలక ముందు అంచు కింద ఒక అల్యూమినియం పట్టీని నాలుకలా అరంగుళం ముందుకు పొడిచేలా బిగిస్తే, అది చానెల్ నోట్లోనే ముందు పలక కిందికి దూరుతుంది. వెనక పలకకూ అలాగే, దాని నాలుక నడిమి పలక కిందికి. ముందు అంచు అలా చిక్కుకున్నాక గాలి దాన్ని లేపలేదు. ఇక ప్రతి పలకకూ వెనక అంచు దగ్గర రెండు వైపులా లాగి బిగించే లాచ్‌లు వెయ్యి. వెనక పలక లాచ్‌లకు టెయిల్‌గేట్ తెరిస్తేనే చెయ్యి అందాలి. టెయిల్‌గేట్‌కు తాళం పడితే మూత మొత్తానికీ తాళం పడినట్టే, వేరే తాళం అక్కర్లేదు.

మొదటిసారి బయటికి తీసినప్పుడు వెనక ఇంకొకరిని కారులో రమ్మను. 40లో ఒకసారి, 55లో ఒకసారి వెళ్లి, ఆపి, ప్రతి మూలనూ చేత్తో పైకి లాగి చూడు. క్లాంపులు మొదటి వారంలో కాస్త వదులవుతాయి, మళ్లీ బిగించు. తర్వాత నెలకోసారి చూసుకో.

ఇప్పుడు నువ్వు అడిగిన రెండు ప్రశ్నలు. కుళ్లిపోకుండా మందు పట్టించిన ప్లైవుడ్ వాడనా అన్నావు. వాడకు. 2015 మోడల్ నుంచీ ఎఫ్-150 శరీరం అల్యూమినియం, నీ బెడ్ కూడా అదే. ఈ కాలపు మందు చెక్కలో రాగి ఉంటుంది. రాగి, అల్యూమినియం, మధ్యలో తడి కలిస్తే తుప్పు పట్టి పాడయ్యేది అల్యూమినియమే. మీ దగ్గర రోడ్ల మీద చల్లే ఉప్పు ఆ పనిని ఇంకా తొందర చేస్తుంది. బయటి వాడకానికి తగిన జిగురుతో చేసిన మామూలు ప్లైవుడ్ తీసుకో. చేతిలో డబ్బుంటే ఎండీవో అనే ప్లైవుడ్ తీసుకో. రోడ్డు పక్క సూచిక బోర్డులకు వాడే రకం అది, పై కాగితం పొర నున్నగా ఉండి పూతను బాగా పట్టుకుంటుంది. ఓఎస్‌బీ (చెక్క పేళ్లను జిగురుతో నొక్కి చేసిన పలక) వైపు చూడనే వద్దు, అంచులు తడిసి ఉబ్బుతాయి. బోల్టులన్నీ స్టెయిన్‌లెస్‌వే వాడు. అవి అల్యూమినియాన్ని తాకే ప్రతి చోటా నైలాన్ వాషరు వెయ్యి.

పైన డైమండ్ ప్లేటు (వజ్రం గుర్తులు ఉబ్బెత్తుగా ఉండే అల్యూమినియం) రేకు పరుస్తానన్నావు. అదీ వద్దు. జనవరి రాత్రికీ జులై మధ్యాహ్నానికీ లోహం వేడిలో 60 సెల్సియస్ డిగ్రీల తేడా వచ్చిందనుకో, 65 అంగుళాల అల్యూమినియం రేకు 2 మిల్లీమీటర్లకు పైగా సాగుతుంది. కింది చెక్క అలా సాగదు. స్క్రూలు వదులై, రంధ్రాలు పెద్దవై, రేకుకూ చెక్కకూ మధ్య తడి చేరి బయటికి రాదు. పైకి మెరుస్తూనే ఉంటుంది, లోపల చెక్క మెత్తబడిపోతుంది.

పూతకు ఎంత ఓపిక పడితే మూత అంత కాలం ఉంటుంది. ముందు ఎపాక్సీ, అంటే రెండు ద్రవాలు కలిపితే గట్టిపడే జిగురు పూత. పలక ముఖం మీద ఒక పూత నిలుస్తుంది కానీ కోసిన అంచులు అలా కావు. అంచు మీద బ్రష్షుతో రాసిన ఎపాక్సీ నీ కళ్ల ముందే లోపలికి ఇంకిపోయి చెక్క మళ్లీ మెరుపు లేకుండా, పొడిగా కనిపిస్తుంది. అది గట్టిపడకముందే మళ్లీ రాయి. మళ్లీ ఇంకితే మళ్లీ రాయి. అంచు తడిగా మెరుస్తూ నిలిచిపోయినప్పుడు చాలని తెలుసుకో. గాడి లోపల కూడా మరిచిపోకుండా రాయి. స్క్రూ రంధ్రాలకు పడవలు చేసేవాళ్ల పద్ధతి పాటించు: కావలసిన దానికంటే పెద్ద రంధ్రం వేసి, ఎపాక్సీతో నింపి, గట్టిపడ్డాక దాని మధ్యలో సరైన రంధ్రం వెయ్యి. స్క్రూ వెంట నీళ్లు దిగినా చెక్కను తాకవు.

ఎపాక్సీ ఎండకు తట్టుకోదు. కాబట్టి దాన్ని ఇసుక కాగితంతో కాస్త గరుకు చేసి, పైన బెడ్ లైనర్ పూత (ట్రక్కు బెడ్‌లకు వేసే గట్టి పూత) రెండు సార్లు రోలరుతో వెయ్యి. నలుపు ఎండకు బాగా కాలుతుంది, బూడిద రంగు దొరికితే అదే మేలు. ఈ పూతల ఆవిర్లు ఊపిరితిత్తులకు మంచివి కావు. గరాజ్ తలుపు పూర్తిగా తీసి, కార్బన్ ఫిల్టర్లున్న మాస్కు పెట్టుకునే పని చెయ్యి. చలి ముదిరితే ఎపాక్సీ గట్టిపడదు. దసరా వెళ్లాక మీ దగ్గర రాత్రులు చల్లబడతాయి కాబట్టి ఆ లోపే పూతలు ముగించు.

మూత వేశాక పెట్రోలు డబ్బా, ప్రొపేన్ సిలిండర్ దాని కింద పెట్టి తిరగకు. తెరిచి ఉన్న బెడ్‌లో ఆవిరి గాలికి పోతుంది, మూసిన దానిలో పేరుకుంటుంది. బంకులో డబ్బా నింపాల్సి వస్తే నేల మీదికి దింపి నింపు, బెడ్‌లో ఉంచి నింపితే స్థిర విద్యుత్తు నిప్పురవ్వ పుట్టే ప్రమాదం ఉంది. మూత మీద సామాను పెట్టి బండి నడపకు. మంచు పడినప్పుడు బయలుదేరే ముందే తుడిచెయ్యి.

ఈ వారాంతంలో మూడు వెడల్పులూ, రెండు కర్ణాలూ, రెయిల్ లోపలి అంచు ఎంత కిందికి దిగి ఉందో అదీ కొలిచి నాకు పంపు. ఆ అంచును బట్టే సీ క్లాంపు ఏ సైజుదో చెప్పగలను. అవి చూసి నేను ఫోను చేసేదాకా షీట్లు కొనకు. అక్కయ్యకూ బావగారికీ నా నమస్కారాలు చెప్పు.

ఇట్లు,
మీ మామయ్య