నర్సింగ్ క్లాసులో ఆటలతో చదువు వస్తుందా? ఒక ట్యూటర్ అనుభవం

మీ చెల్లి బెంగళూరులో బీఎస్సీ నర్సింగ్ రెండో సంవత్సరం, ఎప్పుడు ఫోన్ చేసినా క్లాసులో ఏదో ఆట ఆడామనే చెబుతోంది, ఇంత ఫీజు కట్టింది ఆడుకోవడానికా అని నాన్నగారు కోప్పడుతున్నారు, ఆటలతో నిజంగా చదువు వస్తుందా అని అడిగారు.

వస్తుంది. కాకపోతే అన్ని ఆటలతో రాదు. మాది హిందూపురం దగ్గర. ఆరేళ్ళు వార్డులో స్టాఫ్ నర్సుగా చేసి, ఇప్పుడు ఇక్కడే ఒక కాలేజీలో ట్యూటర్‌గా ఉన్నాను.

ముందు నేను చేసిన తప్పు చెబుతాను. మొదట్లో ఫోన్లో క్విజ్ పెట్టేదాన్ని. ఎవరు ముందు నొక్కితే వాళ్ళకి ఎక్కువ పాయింట్లు. క్లాసంతా ఒకటే గోల, నాకూ సంబరమే. నెల తిరిగాక చూస్తే పైన ఎప్పుడూ అదే నలుగురు, అడుగున ఎప్పుడూ అదే అమ్మాయి. ఆ పిల్ల ఇంటర్ దాకా తెలుగు మీడియం. ఇంగ్లీషు ప్రశ్న రెండుసార్లు చదువుకునేలోపే టైమ్ అయిపోయేది. పై నలుగురిలో ఇద్దరేమో ప్రశ్న సగం చదివే నొక్కేస్తున్నారు. రేపు లేబుల్ సగం చదివి మందు సిరంజిలోకి తీసేవాళ్ళని నేనే తయారు చేస్తున్నానా అని భయమేసింది. ఆ రోజే టైమర్ తీసేశాను.

తర్వాత పెట్టిందే చుక్కల ఆట. ల్యాబ్‌లో స్టాండుకి సెలైన్ బాటిల్, కింద బకెట్. 500 మి.లీ. నాలుగు గంటల్లో ఎక్కాలి, నిమిషానికి ఎన్ని చుక్కలు? లెక్క కట్టడమే కాదు, గొట్టం మీది రోలర్ తిప్పి అన్ని చుక్కలే పడేలా పెట్టాలి. ఎదుటి జట్టువాళ్ళు వాచీ చూస్తూ డ్రిప్ చాంబర్‌లో చుక్కలు లెక్కపెడతారు. మొదటిసారి ఒక జట్టు 125 అని గబగబా రాసేసింది. ఇంకో జట్టులో మన తెలుగు మీడియం అమ్మాయి పెన్ను పట్టుకోకుండా చెత్తబుట్ట దగ్గరికెళ్ళి, ఐవీ సెట్ (సెలైన్ ఎక్కించే గొట్టం) కవర్ తీసి చదివింది. మిల్లీలీటరుకి 20 చుక్కలని దాని మీద ఉంది. అంటే 500ని 20తో గుణించి 240 నిమిషాలతో భాగిస్తే దాదాపు 42. 125 రాసిన జట్టు పిల్లల వార్డులో వాడే మైక్రో సెట్ లెక్క వేసింది, దానికి మిల్లీలీటరుకి 60 చుక్కలు. సరే, మీ 125 ఈ సెట్‌కే పెట్టండి, ఎంతసేపట్లో ఖాళీ అవుతుందో లెక్క కట్టండి అన్నాను. ఎనభై నిమిషాలు! అదే గుండె జబ్బు మనిషైతే అన్నాను. ఎవరూ మాట్లాడలేదు. ఈ సూత్రం అంతకుముందు బోర్డు మీద నాలుగుసార్లు రాశాను. కవర్ చదవాలన్నది మాత్రం ఆ రోజే తలకెక్కింది.

వైకుంఠపాళి కూడా చేశాం, చార్టు మీద గీసి, చింతపిక్కలతో. పేరు అడిగి, చేతి పట్టీ చూసి మందు ఇస్తే నిచ్చెన. డిజాక్సిన్ అనే గుండె మందు ఇచ్చేముందు నిమిషం పాటు గుండె కొట్టుకోవడం లెక్కపెట్టకపోతే పాము. రెండు రోజులు బాగా ఆడారు, మూడో రోజు విసుగు. నిజమే, పందెం ఎంత పడితే అంత, అందులో చదువు ఎక్కడుంది? అప్పుడు రూలు మార్చాం: పాము నోట్లో పడ్డవాళ్ళు అది ఎందుకు తప్పో సరిగ్గా చెబితే కిందికి దిగక్కర్లేదు. అప్పటినుంచి ఆట కంటే వాదనే ఎక్కువ, నాకు కావలసిందీ అదే.

చెత్త వేరుచేయడానికైతే ఆటను మించింది లేదు. నాలుగు డబ్బాలు పెట్టి వస్తువులు చేతికిస్తాను. రక్తం అంటిన దూది పసుపు, సూది తెలుపు, సూది తీసిన ప్లాస్టిక్ సిరంజి ఎరుపు, గాజు వయల్ నీలం. ఆసుపత్రి చెత్త గురించిన 2016 రూల్స్ పుస్తకంలో చదివితే పరీక్ష దాకా గుర్తుంటుంది, చేత్తో వేస్తే వార్డులో చెయ్యి దానంతటదే అటు పోతుంది.

కానీ అన్నీ ఇలా కుదరవు. పొటాషియం క్లోరైడ్ నేరుగా నరంలోకి తోయకూడదని ఆటలో గుర్తుండిపోతుంది. తోస్తే గుండె ఎందుకు ఆగుతుందో తెలియాలంటే మాత్రం పుస్తకం, బోర్డు, ఈసీజీ కాగితం ముందేసుకుని కూర్చోవాల్సిందే. ఆట అయ్యాక టీచరు ఒక పావుగంటైనా దాని గురించి మాట్లాడకపోతే మీ నాన్నగారి కోపంలో న్యాయం ఉంది. చెల్లిని అదే అడగండి: ఆట అయ్యాక మేడమ్ ఏం చెప్పారు?

మీకు నర్సింగ్ తెలియకపోయినా ఆమెతో ఆడొచ్చు. వాళ్ళ సిలబస్‌లోని మందుల పేర్లు ఇరవై చీటీల మీద రాయించి, ఫోటో తెప్పించుకోండి. రాత్రి ఫోన్ చేసినప్పుడు ఒక పేరు చదవండి. అది ఇచ్చేముందు పేషెంట్‌లో ఏం చూడాలో, ఎందుకు చూడాలో మీకు అర్థమయ్యేలా తెలుగులో చెప్పాలి. మీకు అర్థం కాకపోతే ఆ చీటీ మళ్ళీ కట్టలోకి. నాన్నగారిని కూడా కూర్చోబెట్టండి. బీపీ మాత్ర వేసుకునేవారైతే మొదటి చీటీ అదే తీయండి.