విజయవాడ, 10×10 గది: కూలర్ ఉన్నా ఉక్కపోత ఎందుకంటే

కూలర్‌లో లోపం లేదండి. కిటికీ, తలుపు మూసి నడపడం వల్లే గంటకల్లా ఒళ్లు జిగటగా అవుతోంది. పై అంతస్తు అద్దె గదికి ఏసీ కొనాలా అన్నారు కదా, ముందు ఇది చేసి చూడండి.

1. కూలర్‌ను కిటికీకి ఆనించి పెట్టండి. వెనక గడ్డి ప్యాడ్లు బయటి పొడిగాలిని పీల్చాలి. గది మధ్యలో ఉంటే తడిగాలినే మళ్లీ మళ్లీ తడుపుతుంది.

2. అందరూ వదిలేసేది ఇదే: గాలి బయటికి పోయే దారి. ఎదురుగా ఉన్న తలుపో కిటికీయో రెండు చదరపు అడుగుల మేర తెరవండి. నాలుగడుగుల ఎత్తు కిటికీకి అరడుగు సందు చాలు. ఆ సందు దగ్గర అగరుబత్తి పట్టుకోండి. పొగ బయటికి లాగేస్తే సరిగ్గా ఉన్నట్టే. అక్కడే తచ్చాడుతుంటే ఇంకాస్త తెరవండి.

3. ఇంకా జిగట తగ్గకపోతే కూలర్‌లోని నీళ్ల పంపు ఆపి ఉత్త ఫ్యాన్ నడపండి.

మే ఎండలకు ఇది సరిపోతుంది. వానలు పడి గాలిలో తేమ పెరిగాక మాత్రం ఏ కూలరూ పెద్దగా చల్లబరచలేదు.

అప్పుడు కొంటే 1 టన్ను విండో ఏసీ తీసుకోండి. ఒకే గొట్టం ఉన్న పోర్టబుల్ ఏసీ వద్దు; అది గది గాలిని బయటికి తోసేస్తుంటే తలుపు సందుల్లోంచి వేడిగాలి లోపలికొస్తుంది. 16 ఆంపియర్ల సాకెట్, మెయిన్ బోర్డు నుంచి విడిగా 2.5 చదరపు మిల్లీమీటర్ల రాగి వైరు ఉండాలి. కూలర్ పెట్టిన 6 ఆంపియర్ల ప్లగ్గులో ఏసీ పెట్టకండి, వైరు వేడెక్కి కాలిపోవచ్చు.