సాఫ్ట్‌వేర్ కంపెనీ చేతులు మారింది... ఐదేళ్ల చందా ముందే కట్టొచ్చా?

ప్రశ్న: మాకు తిరుపతిలో లీలామహల్ సర్కిల్ దగ్గర 36 గదుల లాడ్జి ఉంది. బుకింగులు, బిల్లులు అన్నీ ఒక కంపెనీ సాఫ్ట్‌వేర్‌లోనే నడుస్తాయి. ఏడాదికి రూ.48,000 కడుతున్నాం. ఈమధ్య ఆ కంపెనీని ఇంకో పెద్ద కంపెనీ కొనేసింది. ఐదేళ్లకు ఒకేసారి కడితే రూ.1,80,000కే ఇస్తామంటున్నారు. గదులకు కార్డు తాళాలు కూడా వాళ్లే పెడతారట, ఒక్కోటి రూ.7,500. జీఎస్టీతో మొత్తం రూ.5,31,000 అవుతుంది. మాకు ఆరు లక్షల ఎఫ్‌డీ ఉంది, ఎనిమిది నెలల్లో గడువు తీరుతుంది. అది బ్రేక్ చేసి కట్టేద్దామని మావారు అంటున్నారు. అంత డబ్బు పోసి కొన్నవాళ్లు దాన్నెందుకు ఆపేస్తారని ఆయన వాదన. నాకు మాత్రం టెన్షన్‌గా ఉంది. ఏం చేయమంటారు?
– ఒక పాఠకురాలు, తిరుపతి

జవాబు: అమ్మా, ముందు చేయాల్సింది చెప్పేస్తాను. ఎఫ్‌డీని కదిలించకండి. సాఫ్ట్‌వేర్‌కు ఒక్క ఏడాది చందా కట్టండి. తాళాలు ఇప్పట్లో వద్దు. మీవారు అడిగింది చాలామందికి వచ్చే సందేహమే కాబట్టి అక్కడే మొదలుపెడతాను.

ఎక్కువ ధర పెట్టారు కాబట్టి నడిపిస్తారని నమ్మడానికి లేదు. నోకియా ఫోన్ల వ్యాపారాన్ని మైక్రోసాఫ్ట్ 2014 ఏప్రిల్‌లో 700 కోట్ల డాలర్లకు పైగా పెట్టి సొంతం చేసుకుంది. మరుసటి ఏడాది జూలైలో దాని తాలూకు 760 కోట్ల డాలర్లను నష్టం కింద రాసేసింది. చిత్తూరు నుంచి చెన్నై వెళ్లే దారిలో శ్రీపెరంబుదూరులో ఉన్న నోకియా ఫ్యాక్టరీ పన్ను వివాదం వల్ల ఆ అమ్మకంలోకి రాకుండా మిగిలిపోయి, 2014 నవంబరులో ఉత్పత్తి ఆపేసింది. కంప్యూటర్లు తయారుచేసే హెచ్‌పీ 2010లో 120 కోట్ల డాలర్లకు పామ్ అనే ఫోన్ల కంపెనీని కొంది. దాని సాఫ్ట్‌వేర్‌తో టచ్‌ప్యాడ్ అనే ట్యాబ్లెట్ తెచ్చి, అమ్మకాలు మొదలైన ఏడు వారాలకే చాలించుకుంది. కొనేవాళ్లు ప్రతిసారీ వస్తువు మీద మోజుతో కొనరు. కస్టమర్ల కోసం కొంటారు, ఇంజినీర్ల కోసం కొంటారు, ఒక్కోసారి పోటీ తప్పించుకోవడానికీ కొంటారు.

ఇలాంటి కేసుల్లో నేను మొదట చూసేది, కొన్న కంపెనీ దగ్గర అదే పని చేసే సరుకు ముందే ఉందా అని. ఉంటే రెండింటినీ ఎక్కువకాలం పోషించరు. 2005లో మాక్రోమీడియాను అడోబీ కొన్నప్పుడు బొమ్మలు గీసే సాఫ్ట్‌వేర్లు రెండయ్యాయి, వెబ్‌సైట్లు తయారుచేసేవి రెండయ్యాయి. బొమ్మల్లో అడోబీ తన ఇలస్ట్రేటర్‌ను ఉంచుకుని మాక్రోమీడియా ఫ్రీహ్యాండ్‌ను 2007లో పక్కన పెట్టింది. వెబ్‌సైట్ల దగ్గర మాత్రం సొంత గోలైవ్‌నే 2008లో ఆపేసి, కొనుక్కొచ్చిన డ్రీమ్‌వీవర్‌ను నిలబెట్టింది. 2002లో కాంపాక్ అనే ఇంకో కంప్యూటర్ల కంపెనీని కలుపుకున్న హెచ్‌పీ కూడా తన నెట్‌సర్వర్ సర్వర్లను వదిలేసి కాంపాక్ వాళ్ల ప్రోలయంట్ సర్వర్లనే కొనసాగించింది. అంటే ఎవరు ఎవరిని కొన్నారన్నదానికన్నా, ఏది ఎక్కువమంది చేతిలో ఉంది, ఏది డబ్బు తెస్తోంది అన్నదే చివరికి తేల్చేది.

ఇక మీ సంగతి. మీరు జత చేసిన బ్రోషర్‌లోనే ఉంది, కొత్త యజమాని ఇప్పటికే పెద్ద హోటళ్లకు బుకింగ్, బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ అమ్ముతున్నాడు. కాబట్టి రెండు మూడేళ్లలో మిమ్మల్ని వాళ్ల సాఫ్ట్‌వేర్‌లోకి మారమంటారనే నా అంచనా. ఒక్కరోజులో ఆపేయరు. ముందు కొత్త సౌకర్యాలు రావడం ఆగుతుంది. తర్వాత మీ ఫోన్ ఎత్తే పాత మనుషులు మారతారు. ఆ తర్వాత ‘ఫలానా తేదీ నుంచి సపోర్ట్ ఉండదు’ అని మెయిల్ వస్తుంది. జీఎస్టీ నిబంధన మారినప్పుడు బిల్లు ఫార్మాట్ ఎన్ని రోజుల్లో సరిచేసి ఇస్తున్నారో గమనిస్తూ ఉండండి. కంపెనీ ప్రకటనలకన్నా నేను దాన్నే నమ్ముతాను.

ముందే కట్టేయడం వల్ల ధర పెరగదు కదా అని మీవారు అడగొచ్చు. అది న్యాయమైన మాటే. కంపెనీల సర్వర్లకు సాఫ్ట్‌వేర్ అమ్మే వీఎంవేర్‌ను చిప్‌ల కంపెనీ బ్రాడ్‌కామ్ 2023 నవంబరులో చేజిక్కించుకున్న నెలలోపే, ఒకసారి కొంటే ఎప్పటికీ వాడుకునే లైసెన్సుల అమ్మకం నిలిపేసి అందరినీ చందా పద్ధతికి మార్చింది. చాలామంది కస్టమర్లకు ఖర్చు బాగా పెరిగింది. కానీ ధర పెరగదన్న భరోసాకు మీరు ఎంత ఇస్తున్నారో చూడండి. 1,80,000ను 48,000తో భాగిస్తే 3.75 వస్తుంది. అంటే సాఫ్ట్‌వేర్ మూడేళ్ల తొమ్మిది నెలలు నడిస్తేనే మీ డబ్బు మీకు సరిపోతుంది. మూడేళ్లకే ఆగితే రూ.36,000 పోయినట్టు. అదీ వడ్డీ లెక్క వేయకుండా. ఏటా కట్టుకుంటూ మిగతా సొమ్మును 7 శాతం వడ్డీలో ఉంచారనుకుంటే, నాలుగేళ్లు నడిచినా ముందే కట్టినవాళ్లకు లాభం లేదు. ఐదేళ్లూ నిక్షేపంగా నడిస్తే మిగిలేది ఈరోజు విలువలో సుమారు రూ.30,000. పైపైన చూస్తే కనిపించే 60 వేలు (2,40,000లోంచి 1,80,000 తీసేస్తే వచ్చేది) కాదు.

జీఎస్టీ గురించి ఎవరూ మీకు చెప్పినట్టు లేదు. రోజుకు రూ.7,500 లోపు అద్దె ఉన్న గదులకు 2025 సెప్టెంబరు 22 నుంచి 5 శాతం జీఎస్టీ వేస్తున్నారు, ఇన్‌పుట్ క్రెడిట్ (మీరు కొన్నవాటి మీద కట్టిన జీఎస్టీని తగ్గించుకునే వీలు) లేకుండా. కాబట్టి ఈ బిల్లులోని రూ.81,000 జీఎస్టీ తర్వాత సర్దుబాటు అయ్యేది కాదు, పూర్తిగా మీ ఖర్చే. మీ ఆడిటర్‌తో ఒకసారి ధ్రువీకరించుకోండి.

తాళాల విషయంలో నాకు ఇంకా ఎక్కువ భయం. సాఫ్ట్‌వేర్ ఆగితే ఇంకోటి వేసుకుంటాం. తలుపులకు బిగించిన 36 తాళాలను ఏం చేస్తాం? అమెరికాలో రివాల్వ్ అని ఇంట్లో లైట్లు, తాళాలు నడిపించే 300 డాలర్ల పెట్టె ఉండేది. ఆ కంపెనీని గూగుల్‌కు చెందిన నెస్ట్ 2014లో కొంది. 2016 మేలో సర్వర్ ఆపేసింది. కొనుక్కున్నవాళ్ల ఇళ్లలో పెట్టె చెక్కుచెదరకుండా ఉంది, కానీ పనిచేయదు.

హోటల్ కార్డు తాళాల్లో చాలావరకు బ్యాటరీతో విడిగా పనిచేస్తాయి, తాళానికి ఇంటర్నెట్ అక్కర్లేదు. అసలు ముడి రిసెప్షన్‌లో ఉంటుంది. గెస్ట్ వచ్చినప్పుడల్లా కార్డులోకి గది నంబరు, చెకౌట్ టైము ఎక్కించే చిన్న యంత్రం అక్కడ ఉంటుంది. ఆ యంత్రం వీళ్ల సాఫ్ట్‌వేర్ ఉంటేనే పనిచేస్తుందా అన్నది తెలియాలి. డెమోకు వచ్చినప్పుడు నెట్ కేబుల్ పీకేసి, వాళ్ల సాఫ్ట్‌వేర్ మూసేసి, కొత్త కార్డు చేసి తలుపు తీసి చూపించమనండి. పచ్చ లైటు వెలిగి తలుపు తెరుచుకుంటే తర్వాత మాట్లాడుకోవచ్చు. ‘సర్వర్ ఉండాలి మేడమ్’ అన్నారంటే ఎంత డిస్కౌంట్ ఇచ్చినా వద్దు. తాళం తయారీదారు ఎవరో, ఇంకే కంపెనీల సాఫ్ట్‌వేర్‌తో పనిచేస్తుందో కూడా రాసిమ్మనండి.

కాగితాల విషయానికొస్తే, కొత్త యజమాని పాత కంపెనీ వాటాలు కొన్నాడా, విలీనం చేసుకున్నాడా, వ్యాపారం మాత్రమే తీసుకున్నాడా అని అడగండి. వాటాలే కొంటే మీ ఒప్పందం అదే కంపెనీతో కొనసాగుతుంది. కంపెనీల వ్యవహారాలు చూసే ట్రైబ్యునల్ ఎన్‌సీఎల్‌టీ ఆమోదంతో విలీనమైతే హక్కులు, బాధ్యతలు కొత్త కంపెనీకి చేరతాయి. వ్యాపారం మాత్రమే కొన్నట్టయితే మీ ఒప్పందాన్ని వాళ్ల పేరిట మార్చారో లేదో కాగితం చూడాలి. ఏదైనా సరే, ఒప్పందం బతికుంటే సాఫ్ట్‌వేర్ కూడా బతికుంటుందని కాదు. నోటీసు ఇచ్చి ఆపేసే వీలు చాలా ఒప్పందాల్లో రాసే ఉంటుంది.

డేటా కూడా ఇప్పుడే తీసుకోండి. జీఎస్టీ లెక్కల పుస్తకాలను ఆ ఏడాది వార్షిక రిటర్ను గడువు తేదీ నుంచి 72 నెలలు భద్రపరచాలి. సాఫ్ట్‌వేర్ పోయిందని అధికారికి చెప్తే కుదరదు. బిల్లులన్నీ పీడీఎఫ్‌లో, గెస్టుల వివరాలు, అడ్వాన్సులు, బకాయిలు ఎక్సెల్‌లో దించి హార్డ్ డిస్క్‌లో పెట్టండి. ప్రతినెలా మొదటి తేదీన ఇదే పని చేయమని మీ మేనేజరుకు చెప్పండి. ఎప్పుడైనా మారాల్సి వస్తే బ్రహ్మోత్సవాలకు, వైకుంఠ ద్వార దర్శనాల రోజులకు దూరంగా పెట్టుకోండి. కనీసం పదిహేను రోజులు పాతదీ కొత్తదీ రెండూ నడపండి. రద్దీలో కౌంటరు దగ్గర కంప్యూటర్ మొరాయిస్తే ఆ నష్టం ముందు చందా డబ్బు ఏపాటి?

కంపెనీకి ఈ మెయిల్ పంపండి: “మేం ముందే డబ్బు కట్టిన కాలం మధ్యలో మీరు సాఫ్ట్‌వేర్ ఆపినా, వేరేదానికి మారమన్నా, మిగిలిన నెలల డబ్బు 30 రోజుల్లో తిరిగి ఇస్తామని, లేదా అదనపు ఖర్చు లేకుండా మీ కొత్త సాఫ్ట్‌వేర్ అదే కాలానికి ఇస్తామని ఒప్పందంలో రాసివ్వండి.” సంతకం పెట్టి ఇస్తే మూడేళ్లకు కట్టడం గురించి ఆలోచించొచ్చు, అది కూడా లాడ్జి రాబడిలోంచి. నోటిమాటగా ‘మేమున్నాం కదా మేడమ్’ అంటే ఒక్క ఏడాదికే కట్టండి.

ఎఫ్‌డీని ముందే తీస్తే చాలా బ్యాంకులు వడ్డీ తగ్గించి ఇస్తాయి. ఎనిమిది నెలలు ఆగండి. గడువు తీరాక ఆరు లక్షలనూ రెండు లక్షల చొప్పున ఒకటి, రెండు, మూడేళ్ల ఎఫ్‌డీలుగా విడగొట్టండి. అప్పుడు లిఫ్టు పాడైనా, సాఫ్ట్‌వేర్ మార్చాల్సి వచ్చినా ఒక్కదాన్ని తీస్తే సరిపోతుంది.