డిజిటల్ పియానో: టోన్ల లెక్క కాదు, కీ నొక్కి చూడండి

ప్రశ్న: మా పాప 61 కీల కీబోర్డు మీద ట్రినిటీ సంగీత పరీక్షల్లో రెండో గ్రేడ్ దాకా వచ్చింది. ఇక పియానో కొనాల్సిందే అంటున్నారు టీచర్. యమహా పి-145, రోలాండ్ ఎఫ్‌పి-10... ఈ రెండింటి మధ్య తేల్చుకోలేకపోతున్నాం. మా కీబోర్డులో వందల టోన్లు (రకరకాల వాద్యాల శబ్దాలు) ఉంటే వీటిలో పది, పదిహేనే! ఉండేది అపార్ట్‌మెంట్. ఏది కొనమంటారు?

జవాబు: టోన్ల సంగతి వదిలేయండి. పాపకు కావాల్సింది ఒక్క మంచి పియానో శబ్దం, వేలికి బరువు తెలిసే 88 కీలు. ఎడమవైపు కాస్త బరువుగా, కుడివైపుకు వెళ్లేకొద్దీ తేలిగ్గా ఉండే, అసలు పియానో సుత్తుల బరువును తలపించే హ్యామర్ కీలు రెండింటిలోనూ ఉన్నాయి.

తేడా తెలియాలంటే షాపులో ఓ పని చేయండి. ఒక కీ నొక్కి, పూర్తిగా పైకి లేవనివ్వకుండా సగంలోనే మళ్లీ నొక్కండి. ఎఫ్‌పి-10లో కీకి మూడు సెన్సర్లు ఉంటాయి కాబట్టి నోటు మళ్లీ పలుకుతుంది. రెండే సెన్సర్లున్న మోడళ్లలో చాలావరకు పలకదు. ఒకే నోటును గబగబా వాయించే పీసులు వచ్చినప్పుడు ఇది అక్కరకొస్తుంది. వాల్యూమ్ తగ్గించి కీల టకటక కూడా వినండి. హెడ్‌ఫోన్స్ పెట్టుకున్నా ఆ చప్పుడు స్టాండు మీదుగా కింది ఫ్లాటుకు చేరుతుంది. కింద మందపాటి రబ్బరు మ్యాట్ వేయక తప్పదు.

పాలిఫనీ, అంటే ఒకేసారి మోగగల నోట్ల సంఖ్య, యమహాలో 64, రోలాండ్‌లో 96. పెడల్ తొక్కిపట్టి వాయిస్తే నోట్లు పేరుకుపోయి, ఆ సంఖ్య దాటితే పాతవి తెగిపోతుంటాయి. పాప గ్రేడ్‌కి 64 చాలు. స్పీకర్లు యమహాలో 7 వాట్ల జంట, రోలాండ్‌లో 6 వాట్ల జంట. దొందూ దొందే.

బ్లూటూత్ పి-145లో లేదు. ఎఫ్‌పి-10లో ఉన్నది యాప్‌లకు మిడి సంకేతాలు (ఏ కీ ఎలా నొక్కారో చెప్పేవి, శబ్దం కాదు) పంపేందుకే. ఫోన్లో పాట పెట్టి పియానో స్పీకర్లలో వినడం కుదరదు. అది కావాలంటే పి-225కో, ఎఫ్‌పి-30ఎక్స్‌కో వెళ్లాలి, ఖర్చూ పెరుగుతుంది. హెడ్‌ఫోన్స్ మాత్రం వైరువే కొనండి. బ్లూటూత్‌వైతే కీ నొక్కాక శబ్దం రవ్వంత ఆలస్యంగా వస్తుంది, పిల్లలకు తాళం తప్పుతుంది.

నా ఓటు ఎఫ్‌పి-10కే. రెండింటితో వచ్చే చిన్న పెడల్ ఆన్, ఆఫ్ తప్ప ఇంకేం తెలియని స్విచ్. పైగా నేల మీద జారిపోతుంది. బరువైన డ్యాంపర్ పెడల్ (నోట్లను మోగుతూ ఉంచేది), ఊగని స్టాండు విడిగా కొనండి. అమెరికాలోని బంధువులతో తెప్పించుకునే ఆలోచన ఉంటే, మన కరెంటుకు పనికొచ్చేలా అడాప్టర్ మీద 100-240 వోల్టులని ఉందో లేదో ముందే ఫొటో తీసి పంపమనండి.