పాఠకుల ప్రశ్న: తన పుస్తకాన్ని తానే కాదన్న విమర్శకుడు

ప్రశ్న: మా సాహిత్య గోష్ఠిలో వియత్నాం విమర్శకుడు హ్వాయ్ థాన్ ప్రస్తావన వచ్చింది. తనకు పేరు తెచ్చిన పుస్తకాన్ని తానే తర్వాత తప్పుబట్టిన మనిషిని గొప్ప విమర్శకుడని ఎట్లా అంటాం?
– ఒక పాఠకుడు, నల్లగొండ

జవాబు: న్గె ఆన్ ప్రాంతంలో 1909లో పుట్టిన హ్వాయ్ థాన్, 1930లలో 'కళ కళ కోసమా, జీవితం కోసమా' అన్న వాదం చెలరేగినప్పుడు మొదటి పక్షాన నిలిచి, మార్క్సిస్టు విమర్శకుడు హాయ్ త్రియూతో తలపడ్డారు. మీరడిగిన పుస్తకం 1942లో తమ్ముడు హ్వాయ్ చాన్‌తో కలిసి వెలువరించిన 'వియత్నాం కవులు'. అప్పటికి పదేళ్లుగా వస్తున్న కొత్త కవిత్వానికి అది సంకలనం, విమర్శ కూడా.

సంకలనం అనగానే మన వైపు వారికి 1934 నాటి గోలకొండ కవుల సంచిక గుర్తుకు రావడం సహజం. నిజాం రాష్ట్రంలో తెలుగు కవులే లేరన్న నిందకు పాలమూరు బిడ్డ సురవరం ప్రతాపరెడ్డి 354 మంది కవులతో జవాబు చెప్పారు. అక్కడ సంఖ్యే సాక్ష్యం. హ్వాయ్ థాన్ చేసింది ఏరివేత. పాత తరం కవి తాన్ దాకు ముందుపీట వేసి, మొత్తం 46 మందితో ఆగారు. నాసిరకం కవిత్వం ఏ కాలంలోనైనా ఉంటుంది కాబట్టి పాతలోని మంచిని కొత్తలోని మంచితోనే పోల్చాలని ఆయన పట్టుబట్టారు. ఆ పోలికలో తేలిందేమిటంటే, పాత కవిత్వం 'మనం' అని పలికితే కొత్త కవిత్వం 'నేను' అని పలికింది. ఆ 'నేను'కు దొరికిన స్వేచ్ఛతో పాటు దాని ఒంటరితనాన్నీ ఆయన దాచలేదు. మన భావకవిత్వం చదివినవారికి ఇది కొత్తగా తోచదు.

1945లో కమ్యూనిస్టుల నాయకత్వంలో వచ్చిన విప్లవం తర్వాత ఆయన ఆ పక్షాన చేరి, ఫ్రెంచివారిపై పోరాడే ప్రతిఘటన కవిత్వం గురించి రాస్తూ, పాత రచనను కఠినంగా తప్పుబట్టారు. ఉత్తర వియత్నాంలో ఆ పుస్తకం దశాబ్దాల పాటు మళ్లీ అచ్చుకు నోచుకోలేదు. యుద్ధకాలంలో 'మనం' అనవలసి వచ్చిన విమర్శకుడు తన 'నేను'ను నిందించుకోవడంలో నాకు నిజాయితీ, ఒత్తిడి రెండూ కనబడుతున్నాయి. వాటిని విడదీసే సాహసం చేయను. అయితే ఆ నింద పుస్తకంలోని ఎంపికను చెరపలేదు. ఆయన 1982లో మరణించగా, 2000లో హో చి మిన్ పురస్కారం ప్రకటించారు. ఆ దేశంలో కొత్త కవిత్వం గురించి మాట్లాడేవారు ఇప్పటికీ మొదట తెరిచేది 1942 నాటి పుస్తకాన్నే.