ముందు ఆ ఓడని పని చెయ్యనీ

నెల్లూరు

నాయనా,

నీ స్టీమరు కథ చదివాను. కొత్తపట్నంలో పుట్టినవాడివి, సముద్రం గురించి నీకు ఒకరు చెప్పాల్సిన పని లేదు. కానీ మొదటి పేరాలోనే తుపాను వచ్చేసింది, మూడో పేజీకి ఓడ మునిగిపోయింది. చదివేవాడికి ఆ ఓడతో ఇంకా పరిచయమే కాలేదు, ఏమని ఏడుస్తాడు? ముందు దాన్ని నాలుగు రేవులు తిరగనీ.

మన తీరంలో స్టీమరు ఒడ్డుకు వచ్చేది కాదు కదా. అలలు విరిగే చోటుకి అవతల లంగరు వేసుకుని ఆగేది. సరుకైనా మనుషులైనా మసూలా పడవలో అక్కడికి చేరాల్సిందే. నీ కథలో ఆ పడవ ఒక్క వాక్యంలో వచ్చి పోయింది. దగ్గరగా చూపించు. దానికి మేకులుండవు. పలకల అంచుల వెంట బెజ్జాలు పెట్టి కొబ్బరి తాడుతో కుట్టేవాళ్లు, సందుల్లో గడ్డి కూరేవాళ్లు. అల ఎత్తి ఇసుక మీద కొడితే మేకుల పడవ పగిలిపోతుంది, ఇది వంగి సర్దుకుంటుంది. కుట్లలోంచి నీళ్లు ఊరుతూనే ఉంటాయి గనక ఒకడు తోడుతూనే ఉండాలి. ఆ తోడేవాణ్ణి నువ్వు మర్చిపోయావు. తర్వాత స్టీమరు నిచ్చెన. పడవ అల మీద పైకి లేచినప్పుడే దాన్ని అందుకోవాలి, పడవ దిగుతున్నప్పుడు పట్టుకుంటే కాళ్లు గాల్లో వేలాడతాయి. చంకలో ముడుపు మూటతో నీ ముసలమ్మ ఆ నిచ్చెన ఎలా ఎక్కింది? నాకు తుపాను కన్నా అదే ముఖ్యం.

కిందికి, బాయిలరు దగ్గరికి కూడా తీసుకెళ్లు. చల్లారిన బాయిలరులో మళ్లీ ఆవిరి పుట్టాలంటే గంటలు పడుతుంది. "కెరటాల ధాటికి ఓడ మునిగింది" అని తేల్చేశావు. ముక్కు కెరటాలకి ఎదురుగా ఉన్నంతసేపు స్టీమరు చాలావరకు తట్టుకుంటుంది. డెక్కు మీది మూతలు ఊడి నీళ్లు లోపలికి దిగితే కొలిమి ఆరిపోతుంది. ఆవిరి పోతే ఇంజనూ పోతుంది, ఆవిరితో నడిచే పంపులూ ఆగిపోతాయి. ఓడ అడ్డం తిరుగుతుంది, పక్కనుంచి కొట్టే కెరటం దాన్ని పడేస్తుంది. ఇదంతా బొగ్గు వేసేవాడి వైపునుంచి రాయి. మోకాళ్ల దాకా నీళ్లొచ్చినా పార దించని మనిషి వాడు, పైన ఏం జరుగుతోందో వాడికి కనిపించదు.

కాలం కూడా తేల్చుకో. 1899లో బెజవాడ, మద్రాసుల మధ్య రైలు నడిచింది. నీ కథ ఆ తర్వాతిదైతే, రైలుండగా వీళ్లు ఓడ ఎందుకెక్కారో చెప్పాలి.

నిజంగా జరిగింది ఒకటి చెబుతాను. 1887 మే 25న సర్ జాన్ లారెన్స్ అనే కోస్తా స్టీమరు కలకత్తా నుంచి ఒరిస్సా తీరానికి వెళ్తూ తుపానులో పోయింది. ఎక్కినవాళ్లు పూరీ యాత్రికులు, వందల మంది, ఎక్కువగా ఆడవాళ్లు. అప్పటికి పూరీకి రైలు లేదు. కలకత్తాలో హుగ్లీ ఒడ్డున కొందరు ఇంగ్లీషు స్త్రీలు వాళ్ల జ్ఞాపకంగా శిలాఫలకం పెట్టించారు. ఎంతో మంచి పని. అయితే దాని మీద ఓడ పేరుంది, తేదీ ఉంది, పోయిన ఆడవాళ్లలో ఒక్కరి పేరూ లేదు.

మన మోటుపల్లి శాసనం సంగతీ చూడు. 1244 ప్రాంతంలో కాకతీయ గణపతిదేవుడు వేయించాడు. తుపానుకి కొట్టుకొచ్చిన ఓడల్లోని బంగారం, ఏనుగులు, గుర్రాలు పూర్వపు రాజులు లాక్కునేవాళ్లనీ, తాను నిర్ణీత సుంకం తప్ప అంతా విడిచిపెడుతున్నాననీ అభయమిచ్చాడు. తీరాన్ని ఏలినవాడు అనాల్సిన మాట అది, చదివినప్పుడల్లా మనసు నిండుతుంది. అక్కడా సరుకు పేర్లే ఉన్నాయి. నీ డెక్కు మీది వాళ్ల పేర్లు నువ్వే పెట్టాలి. "ప్రయాణికులు హాహాకారాలు చేశారు" అన్న వాక్యం కొట్టెయ్. ఎవరు, ఎవర్ని, ఏమని పిలిచారో రాయి.

పాకల, రామాయపట్నం వైపు వెళ్లి వేటకెళ్లే పెద్దవాళ్ల దగ్గర కూర్చో. అక్టోబరు, నవంబరు గాలుల్ని వాళ్లు ఏ పేర్లతో పిలుస్తారో అడిగి రాసుకో. టీవీ వాతావరణ వార్తల భాష కథలోకి రానివ్వకు.

తుపాను పేజీల్ని ఇప్పుడు ముట్టుకోవద్దు. ముసలమ్మకి పేరు పెట్టి, ఆమె నిచ్చెనెక్కి డెక్కు మీద చోటు చూసుకునే దాకా రాసి పంపు. సంక్రాంతికి ఒంగోలు వస్తున్నా, మిగతాది కూర్చుని చూద్దాం.

ఆశీస్సులతో,
మీ మాస్టారు